ఆమె చెప్పింది, వాళ్లు వినలేదు: అమెరికా కాన్పు వార్డుల్లో నల్లజాతి తల్లుల మాట

జబ్బుల లెక్కలు తీయడమే షాలన్ ఇర్వింగ్ అనే నల్లజాతి మహిళ ఉద్యోగం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో ఎపిడెమియాలజిస్టు, అంటే ఏ జబ్బు ఎవరికి ఎక్కువగా వస్తోంది, ఎందుకు వస్తోంది అని లెక్కలు తీసే శాస్త్రవేత్త. అందులోనూ జాతి, డబ్బు, ఉండే చోటు మనుషుల ఆరోగ్యాన్ని ఎలా మారుస్తాయన్నదే ఆమె చూసే విషయం. 2017 జనవరి మొదటి వారంలో ఆమె సిజేరియన్‌తో ఆడపిల్లను కన్నారు. ఆ తర్వాత మూడు వారాల్లో కోత దగ్గర గడ్డ కట్టిందని, కాలు వాచిందని, బీపీ దిగడం లేదని, ఒంట్లో ఏదో తేడాగా ఉందని మళ్లీ మళ్లీ వెళ్లి చూపించుకున్నారు. పరీక్షలు చేశారు, మందు రాశారు, ఇంటికి పంపారు. ఆఖరిసారి వెళ్లొచ్చిన రోజే, కొన్ని గంటలకే ఇంట్లో కుప్పకూలిపోయారు. జనవరి 28న చనిపోయారు. వయసు 36. కారణం అధిక రక్తపోటు తెచ్చిన సమస్యలు.

డాక్టర్‌కి ఎలా చెప్పాలో ఆమెకు తెలియదని ఎవరైనా అనగలరా? ఇంగ్లిష్ ఆమె మాతృభాష, చదువు పీహెచ్‌డీ, ఇన్సూరెన్స్ ఉంది, పక్కన తల్లి ఉంది, జబ్బుల లెక్కలే ఆమె వృత్తి. కాన్పు సమయంలో డాక్టర్లకీ తల్లులకీ మధ్య మాట ఎక్కడ తెగిపోతోందన్న చర్చ వచ్చినప్పుడల్లా "మహిళలకు అవగాహన కల్పించాలి" అన్న వాక్యం ముందు పరిగెత్తుకొస్తుంది. అవగాహన మంచిదే, కాదనేవాళ్లు లేరు. కానీ షాలన్ ఇర్వింగ్ కేసు ముందు ఆ వాక్యం నిలబడదు. చెప్పేవాళ్లు చెబుతూనే ఉన్నారు, వినే వైపే ఏదో తెగిపోయింది.

ముందు అంకెలు చూద్దాం. 2023లో అమెరికాలో ప్రతి లక్ష కాన్పులకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. అంటే మూడు రెట్ల కంటే ఎక్కువ. మనకు తెలిసిన చోటుతో పోల్చుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది: 2018-20 లెక్కల ప్రకారం మాతృ మరణాల నిష్పత్తి తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. అదే 2020లో అమెరికా నల్లజాతి తల్లులకు 55.3. రెండు దేశాల లెక్కింపు పద్ధతులు ఒకటి కావు కాబట్టి పైసల దాకా పోల్చకూడదు, అమెరికా అంకెలే కాస్త పెంచి చూపిస్తున్నాయనే వాదన కూడా గట్టిగానే ఉంది, అయితే ఎలా లెక్కపెట్టినా నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ మధ్య తేడా మాత్రం చెరగడం లేదు. ప్రపంచంలోనే వైద్యానికి అందరికంటే ఎక్కువ ఖర్చుపెట్టే దేశం కదా అది!

పేదరికమే కారణం అనుకోవడం తేలిక. పేదరికం పాత్ర ఉంది కూడా. కానీ సీడీసీ 2019లో బయటపెట్టిన లెక్క ఒకటి ఉంది: కాలేజీ డిగ్రీ ఉన్న తల్లుల్ని మాత్రమే తీసుకుని చూస్తే నల్లజాతి వాళ్ల మరణాలు తెల్లజాతి వాళ్ల కంటే 5.2 రెట్లు ఎక్కువ. చదువు పెరిగితే తేడా తగ్గాలి, ఇక్కడ ఇంకా పెరిగింది. చదువు, డబ్బు ఏ స్థాయిలో ఉన్నా వెంటాడేది ఏదో ఉందన్నమాట, అందులో ఆసుపత్రి గదిలో ఆమె మాటకు దక్కే విలువ ఒకటి. మరో లెక్క ఇంకా బాధపెడుతుంది. 2017-19 మధ్య జరిగిన చావుల్ని రాష్ట్రాల కమిటీలు ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, అయిదింటిలో నాలుగుకు పైగా ఆపగలిగినవే అని తేలింది.

సెరీనా విలియమ్స్ సంగతి చాలామందికి తెలుసు, కానీ అందులో ఒక చిన్న క్షణం దగ్గర ఆగి చూడాలి. 2017 సెప్టెంబర్ 1న సిజేరియన్ అయింది. మర్నాడు ఊపిరి ఆడటం లేదు. 2011లోనే ఆమెకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చింది, కాబట్టి ఇది ఏమిటో వెంటనే పోల్చుకున్నారు. గదిలోంచి బయటికి నడిచి, కనిపించిన నర్సుతో ఊపిరాడకుండానే చెప్పారు: నాకు సీటీ స్కాన్ కావాలి, రక్తం పలచబరిచే హెపారిన్ ఎక్కించాలి, వెంటనే. నర్సు ఏమనుకుందంటే, నొప్పి మందుల మత్తులో ఏదో అంటోందని. తర్వాత డాక్టర్ వచ్చి కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు. ఏమీ కనిపించలేదు. ఆమె పట్టుబట్టారు, అప్పుడు సీటీ తీశారు, ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు బయటపడ్డాయి. ఈలోపు దగ్గి దగ్గి కోత కుట్లు తెగిపోయాయి, మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లాల్సి వచ్చింది.

ఒక పేషెంట్ ఇంతకంటే స్పష్టంగా చెప్పడం సాధ్యం కాదు. లక్షణం చెప్పారు, పాత చరిత్ర చెప్పారు, చేయాల్సిన పరీక్ష పేరు చెప్పారు, మందు పేరు కూడా చెప్పారు. అయినా మొదట ఆ మాట "మత్తు" ఖాతాలోకి వెళ్లింది. ప్రపంచమంతా గుర్తుపట్టే మనిషి కాబట్టి పట్టుబడితే పని జరిగింది. పట్టుబట్టే స్థితిలో లేని తల్లి, పట్టుబడితే గొడవ మనిషి అంటారని భయపడే తల్లి అదే గదిలో ఉంటే?

ఆ భయం ఊహ కాదు. 2016లో లాస్ ఏంజెలెస్‌లో కీరా జాన్సన్ అనే నల్లజాతి మహిళ సిజేరియన్ తర్వాత కడుపులో రక్తస్రావంతో చనిపోయారు. మూత్రం గొట్టంలో రక్తం చూసి భర్త చార్లెస్ జాన్సన్ సిబ్బందికి చెప్పారు, గంటల తరబడి అడుగుతూనే ఉన్నారు, స్కాన్ రాశారు గానీ తీయలేదు. గొంతు పెంచితే నల్లజాతి మగవాడు గొడవకు దిగాడంటారని, తనను బయటికి పంపేస్తే భార్య పక్కన ఎవరూ ఉండరని ఓర్చుకుని మెల్లగానే అడిగానని తర్వాత ఆయనే చెప్పారు. మాతృ మరణాలపై ప్రతి రాష్ట్రంలో సమీక్ష కమిటీలు పనిచేసేలా డబ్బిచ్చే చట్టం 2018 డిసెంబర్‌లో వచ్చింది, అంతకు ముందు అమెరికా కాంగ్రెస్ ఎదుట సాక్ష్యం చెప్పినవాళ్లలో ఆయన ఒకరు. "గట్టిగా అడగండి" అని పేషెంట్లకు ఇచ్చే సలహాలో దాగి ఉన్న అన్యాయం ఇక్కడ కనిపిస్తుంది. అదే గొంతు ఒకరిలో ధైర్యంగా వినిపిస్తుంది, మరొకరిలో బెదిరింపుగా వినిపిస్తుంది.

మాట ఎలా తప్పిపోతుందో చూడాలంటే కేస్ షీట్ తెరవాలి. తల్లి చెప్పింది నర్సు వింటుంది, నర్సు రాసింది డాక్టర్ చదువుతారు, రాత్రి డ్యూటీకి వచ్చే మరో డాక్టర్‌కి ఆ మనిషి ముఖం కంటే ముందు ఫైలే ఎదురవుతుంది. 2021లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు వేల కేస్ షీట్లు జల్లెడ పట్టారు. ఇవి కాన్పుల ఫైళ్లు కావు, మామూలు ఓపీ రికార్డులు. నల్లజాతి పేషెంట్ల నోట్స్‌లో పేషెంట్ మాటను అనుమానంగా చూపే రాతలు ఎక్కువని తేలింది: ఆమె మాటల్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టడం, "చెప్పుకుంటోంది" తరహా క్రియలు వాడటం లాంటివి. తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, మనకు ఒక్క అక్షరం చాలు. "తలనొప్పిగా ఉంది" అన్నది ఒక లక్షణం. "తలనొప్పిగా ఉందట" అని ఇంకొకరికి అందిస్తూ కాస్త పెదవి విరిస్తే అది వదంతి. షికాగోలో 2022లో వచ్చిన ఇంకో అధ్యయనం ప్రకారం నల్లజాతి పేషెంట్ల ఫైళ్లలో "మాట వినదు", "చికాకు పడుతోంది" లాంటి ప్రతికూల వర్ణన కనీసం ఒకటి ఉండే అవకాశం తెల్లవాళ్లతో పోలిస్తే రెండున్నర రెట్లు ఎక్కువ. ఆ ముద్ర ఒకసారి పడితే తర్వాత వచ్చే ప్రతి డాక్టర్ ఆ కళ్లద్దాలతోనే ఆమెను చూస్తారు. ఆమెకేమో ఫైల్లో ఏముందో తెలియదు.

నొప్పి సంగతి దీనికంటే పాతది. 1840లలో అలబామాలో జేమ్స్ మేరియన్ సిమ్స్ అనే డాక్టర్ కాన్పులో జరిగే ఒక గాయానికి ఆపరేషన్ కనిపెట్టాడు. ప్రయోగాలు చేసింది బానిస మహిళల మీద, మత్తు ఇవ్వకుండా. వాళ్లలో మూడు పేర్లే చరిత్రకు మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కా మీద ఒక్కదాని మీదే దాదాపు 30 సార్లు కత్తి పెట్టాడు. వాళ్లకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకం ఆ రోజుల్లో తెల్లవాళ్లలో బాగా పాతుకుపోయి ఉండేది. ఆధునిక స్త్రీ వైద్యానికి పితామహుడని ఆయనకు న్యూయార్క్ సెంట్రల్ పార్క్ దగ్గర విగ్రహం పెట్టారు, 2018 ఏప్రిల్‌లో గానీ దాన్ని తీయలేదు. ఇదంతా పాత కథ అని వదిలేయడానికి లేదు, ఎందుకంటే 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థుల్ని, రెసిడెంట్ డాక్టర్లని అడిగితే దాదాపు సగం మంది "నల్లవాళ్ల చర్మం మందం" లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటి నిజమే అన్నారు. అలా నమ్మినవాళ్లు నల్లజాతి పేషెంట్ నొప్పిని తక్కువగా అంచనా కట్టారు, వైద్యం సిఫార్సు చేయడంలోనూ తప్పారు. ఇలాంటి నమ్మకం ఉన్న చెవికి "భరించలేకపోతున్నాను" అన్న మాట వేరుగా వినిపిస్తుంది. ఆ డాక్టర్ చెడ్డ మనిషి కానక్కర్లేదు, అసలు భయం అక్కడే.

ఒక్కోసారి అపనమ్మకం మనిషిలో కాదు, లెక్కలోనే ఉంటుంది. మొదటి కాన్పు సిజేరియన్ అయితే రెండోది నార్మల్ అవుతుందా లేదా అని అంచనా వేయడానికి అమెరికాలో ఒక కాలిక్యులేటర్ వాడేవారు, 2007లో వచ్చింది. వయసు, బరువు, పాత కాన్పుల వివరాలతో పాటు నల్లజాతి అవునా కాదా, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) అవునా కాదా అని రెండు గడులు. అవును అని టిక్ పెట్టగానే నార్మల్ అయ్యే శాతం పడిపోయేది. తక్కిన వివరాలన్నీ ఒకటే అయినా ఒక తల్లికి ఒక అంకె, ఇంకో తల్లికి ఇంకో అంకె చెప్పేవారు. తెరమీద అంకె కనిపిస్తుంటే ఇంకేం అడుగుతాం, డాక్టర్ పక్షపాతంగా ఉన్నారని కూడా అనలేం. 2021లో జాతి గడులు తీసేసిన కొత్త కాలిక్యులేటర్ వచ్చింది. మధ్యలో పద్నాలుగేళ్లు ఎంతమంది ఆ అంకె చూసి రెండో కోతకు సంతకం పెట్టారో!

మరి మారేది ఎలా? కాలిఫోర్నియా అనుభవంలో పనికొచ్చే పాఠం ఉంది. 2006లో అక్కడ మాతృ వైద్య నాణ్యత మీద ఆసుపత్రుల్ని కలిపి ఒక కూటమి పెట్టారు. 2013 నాటికి రాష్ట్రంలో మాతృ మరణాలు సగానికి పైగా తగ్గాయి. వాళ్లు చేసినవాటిలో ఒకటి చాలా మామూలుగా కనిపిస్తుంది: కాన్పులో పోయే రక్తాన్ని కళ్లతో చూసి "ఇంతే ఉంటుందిలే" అని అంచనా వేయడం మానేసి, తడిసిన గుడ్డల్ని తూకం వేసి కొలవడం. ఇంత దాటితే ఫలానా పని, ఇంకాస్త దాటితే ఫలానా మనిషిని పిలవాలి, సామాన్లన్నీ ఒకే బండి మీద సిద్ధంగా ఉండాలి. ఈ పద్ధతి పెట్టిన ఆసుపత్రుల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో రక్తస్రావం వల్ల ప్రాణం మీదికొచ్చిన కేసులు అందరిలోనూ తగ్గాయి, నల్లజాతి తల్లుల్లో ఇంకా ఎక్కువగా తగ్గాయి, అంతరం కుంచించుకుపోయింది. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. తూకానికి ఎవర్నీ నమ్మాల్సిన పని లేదు, ఎవరి గుడ్డ అని అడగదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, యంత్రం అయినంత మాత్రాన పక్షపాతం పోదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ నల్లని చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2020లో తేలింది. ఆయాసంగా ఉందని ఆమె అంటుంది, మీటర్ బాగానే ఉందంటుంది, గెలిచేది మీటరే. అందుకే కొలతతో పాటు ఆమె మాటను కూడా ఒక కొలతలా రాసుకునే అలవాటు కావాలి: ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు చెప్పారు, దానికి ఏం చేశారు, ఏం చేయలేదు. చేయకపోతే ఎందుకో కూడా రాయాలి.

అన్నిటికంటే పెద్ద ఖాళీ ఇంటికి వెళ్లాక ఉంది. చావుల్లో సగానికి పైగా కాన్పయిన వారం తర్వాత నుంచి ఏడాది లోపు జరుగుతున్నాయి. అమెరికాలో చాలాకాలం పద్ధతి ఏమిటంటే, డిశ్చార్జ్ చేసి ఆరు వారాల తర్వాత ఒక్క అపాయింట్‌మెంట్. బిడ్డకు మాత్రం మొదటి వారంలోనే చెకప్. ప్రసూతి వైద్యుల సంఘం 2018లో ఆ పద్ధతి మార్చమంది, మొదటి మూడు వారాల్లోనే తల్లితో మాట్లాడాలని చెప్పింది. దేశంలో పదింట నాలుగు కాన్పుల ఖర్చు భరించే మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఒకప్పుడు చాలామందికి కాన్పయిన 60 రోజులకే ఆగిపోయేది, 2022 నుంచి ఏడాది దాకా పొడిగించుకునే వీలు రాష్ట్రాలకు వచ్చింది, ఎక్కువ రాష్ట్రాలు పొడిగించాయి. కాన్పు పొడుగునా పక్కనే ఉండే డూలాలకు కూడా కొన్ని రాష్ట్రాల్లో మెడికెయిడ్ డబ్బు ఇస్తోంది. డూలా వైద్యం చేయదు, కానీ "ఆవిడ గంట కిందట కూడా ఇదే చెప్పారు" అనగలిగే ఒక సాక్షి.

తెలుగువాళ్ల ఇళ్లకు ఈ విషయం ఎంత దగ్గర? నిజం చెప్పాలంటే అమెరికాలో ఆసియా తల్లుల మరణాల రేటు తెల్లవాళ్ల కంటే ఎక్కువేమీ కాదు, నల్లజాతి తల్లుల బాధను మన బాధగా చెప్పుకోవడం సరికాదు. బ్రిటన్‌లో మాత్రం 2019-21 లెక్కల్లో ఆసియా తల్లుల మరణాలు తెల్లవాళ్లకు దాదాపు రెట్టింపు, నల్లజాతి వాళ్లకు దాదాపు నాలుగు రెట్లు. ఇక మాట తప్పిపోయే ప్రమాదం ఎక్కడైనా ఉంది, మన వైపు దానికి ఇంకో పొర ఉంది, భాష.

"కళ్లు బైర్లు కమ్ముతున్నాయి" అని ఒక తల్లి అంటుంది. పక్కనున్న భర్త ఇంగ్లిష్‌లో "డిజీ" అంటాడు. డిజీ అంటే నీళ్లు తాగండి, పడుకోండి అంటారు. కానీ చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు రావడం బీపీ ప్రమాద స్థాయికి వెళ్లిందనడానికి గుర్తు కావచ్చు, కాన్పుకు ముందే కాదు, తర్వాత కూడా. డొక్క పైభాగంలో నొప్పి కూడా అంతే, మన ఇళ్లలో అది "గ్యాస్" అయిపోతుంది. తల పగిలిపోతోందంటే నిద్ర లేక అంటారు. పురుడు పోయడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మో అత్తగారో "బాలింతకు ఇవన్నీ మామూలేనమ్మా" అంటారు, ప్రేమతోనే అంటారు. 2023లో సీడీసీ చేసిన సర్వేలో 45 శాతం తల్లులు అడగాలనుకున్నది అడగకుండా ఆగిపోయామన్నారు; ఎందుకంటే మామూలే అనుకోవడమో ఇంట్లోవాళ్లు మామూలే అనడమో అన్నది పెద్ద కారణం. నసపెట్టే మనిషి అనుకుంటారని కొందరు, డాక్టర్ హడావుడిలో ఉన్నారని కొందరు. అదే సర్వేలో అయిదుగురిలో ఒకరు తమతో దురుసుగానో చులకనగానో ప్రవర్తించారన్నారు, నల్లజాతి తల్లుల్లో అది 30 శాతం.

అమెరికాలో ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రి ఇంగ్లిష్ సరిగా రాని పేషెంట్‌కి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి, భర్తనో పిల్లల్నో దుబాసీగా ఉండమని ఆసుపత్రి అడగకూడదు, అత్యవసరమైతే తప్ప. తెలుగుకు ఫోన్‌లో దొరుకుతారు. మనవాళ్లలో చాలామంది వద్దంటారు, ఇంగ్లిష్ వచ్చు కదా అని. ఆఫీసులో ఇంగ్లిష్ వేరు, నొప్పుల మధ్య ఇంగ్లిష్ వేరు. భర్త ముందు చెప్పలేని సంగతులూ ఉంటాయి, ఇంట్లో కొడుతున్నాడన్న సంగతి ఆ భర్త నోటితోనే డాక్టర్‌కి ఎలా చేరుతుంది?

ఇంకా దగ్గరికి వస్తే, పాడేరు ఏజెన్సీలో కువి మాట్లాడే తల్లికీ, ఆదిలాబాద్ వైపు గోండి మాట్లాడే తల్లికీ మన తెలుగే పరాయి భాష. అక్కడ "వాళ్లు ఏమీ చెప్పరండీ, బిగుసుకుపోయి కూర్చుంటారు" అని తేల్చేసేముందు, ఆమె భాషలో ఎవరైనా అడిగారా అన్నది చూడాలి. అక్కడ ఆశా కార్యకర్త ఆ ఊరి మనిషే అయితే ఆమె మాట ఫైల్లోకి ఎక్కించడం డాక్టర్ బాధ్యత.

సీడీసీ 2020లో "ఆమె మాట వినండి" అని ప్రచారం మొదలుపెట్టింది. పేరులోనే వినేవాళ్ల వంతు పని పెట్టారు. అందులో ఎమర్జెన్సీ సిబ్బంది ప్రతి మహిళనూ అడగాల్సిన ఒక ప్రశ్న ఉంది: మీరు ఇప్పుడు గర్భిణా, లేక గడిచిన ఏడాదిలో గర్భంతో ఉన్నారా? చంకలో బిడ్డ లేకుండా, తలనొప్పి అని ఒంటరిగా వచ్చిన మనిషి నాలుగు నెలల బాలింత అని ఎమర్జెన్సీలో కూర్చున్న డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది, ఈ ప్రశ్న అడగకపోతే? అడిగితే జవాబు ఫైల్లో మొదటి వరసలో పడుతుంది, బీపీ చూస్తారు. వాళ్లు అడగకపోతే లోపలికి వెళ్లగానే, పేరు చెప్పాక చెప్పే మొదటి మాట ఇదే కావచ్చు: "నాకు నాలుగు నెలల కిందట కాన్పయింది."